నెలగంట పెట్టాక పెరట్లో దిగే పిట్టలు

నెలగంట పెట్టి ధనుర్మాసం మొదలైందంటే కోనసీమ పెరళ్లు కాస్త ఆలస్యంగా తెల్లారేవి. జనవరి మొదట్లో అమలాపురం వైపు సూర్యోదయమే ఆరున్నరకి. కాలవ మీంచి లేచిన మంచు కొబ్బరి మొవ్వుల్ని వదిలేసరికి ఏడుంబావు దాటేది. వీధిలో ముగ్గు పూర్తయి, గొబ్బెమ్మల మీద గుమ్మడి పూలు నిలబెట్టి, ఆడవాళ్లు పెరటి వైపు వచ్చే వేళకే పిట్టలూ దిగేవి. అంతకు ముందు కొమ్మల మీద ఒళ్లు ఉబ్బించుకుని కూర్చునేవి. ఈకలు మంచుకి తడిసి ఉంటాయి, పురుగూ పుట్రా చలికి కదలవు, దిగినా చేసేదేమీ లేదు. కాబట్టి చలికాలంలో పిట్టల్ని చూడాలనుకునేవాళ్లు నాలుగింటికి అలారం పెట్టుకోనక్కర్లేదు. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఒక విడత, మూడున్నర నుంచి ఐదుంబావు దాకా ఇంకో విడత. నడిమధ్యాహ్నం పెరట్లో సందడి ఉండదు.

ఆ పెరళ్లలో పిట్టల కోసమని ఎవరూ పెద్దగా ఏమీ చేసేవారు కాదు. చూరుకి వరి వెన్నుల కుచ్చు కట్టడం ఒక్కటే వాటి పేరు చెప్పి చేసిన పని. మిగతా మేతంతా ఇంటి పనుల్లోంచి జారిపడిందే. అంట్ల నీళ్లు, పేడకుప్ప, ధాన్యం పురిలోంచి కారిన గింజ, దడి మీద పాకిన తీగ, పెంకుల మధ్య సందు. ఇప్పుడు ఇల్లు సందన్నది లేకుండా కట్టుకుని, పెరడంతా గచ్చు చేసుకుని, పిట్టలు రావడం లేదని వాపోతున్నాం. ఏది ఎందుకు పనిచేసిందో తెలిస్తే డాబా ఇంటి వెనకున్న రెండు సెంట్లలో కూడా చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు.

అంట్లు తోమే చోటు సంగతే చూడండి. నూతి పక్కన రెండు బండలు, బండల నుంచి పల్లంగా ఒక బోదె, బోదె చివర అరటి బోదలు. గిన్నెల్లోంచి నాలుగు మెతుకులు పడేవి, వాటికి గోరింకలూ కాకులూ కొట్టుకునేవి. కానీ అసలు గొప్పతనం మెతుకులది కాదు, ఆ తడిది. రోజంతా ఆరని తడి నేలలో వానపాములు పైకే ఉంటాయి, దోమలూ ఈగలూ తిరుగుతాయి. తోక పైకీ కిందకీ ఊపుతూ పరుగెత్తే కాటుకపిట్టలు వచ్చేది వాటికోసమే. అందులో తెల్ల కనుబొమ, నల్ల వీపు ఉన్నది మన ఊరిదే, ఏడాది పొడవునా ఉంటుంది. బూడిదరంగు వీపు, తోక కింద పసుపు ఉన్నది చలికాలపు చుట్టం. అది హిమాలయాల నుంచో అంతకంటే పై నుంచో వస్తుంది, అక్టోబరులో కనిపించి మార్చి తర్వాత కనిపించదు. గుడ్డికొంగ కూడా ఒక్కోసారి బోదె పక్కన మెడ ముడుచుకుని నిలబడి ఉండేది. దగ్గరికి వెళ్లేదాకా మట్టిలో మట్టిలా ఉండి, లేచేసరికి రెక్కలు తెల్లగా విచ్చుకుంటాయి. పక్క చేలో దాళ్వాకి, అంటే రెండో పంటకి, దమ్ము పట్టే రోజుల్లో మాత్రం కొంగలు పెరటి మొహం చూడవు. నాగలి వెనకో ట్రాక్టరు వెనకో పోతాయి.

సింకు నీళ్లు గొట్టంలోంచి ఇంకుడు గుంతలోకి పోయే ఇళ్లలో ఈ తడి ఉండదు. దానికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. బియ్యం కడిగినవీ, కూరలు కడిగినవీ అర బకెట్టు నీళ్లు రోజూ పొద్దున్న అదే చోట, చాప వెడల్పు నేల మీద, అరటి మొదట్లో పొయ్యాలి. సబ్బు నీళ్లు వద్దు. వానపాములు ఆ చోటు వదిలిపోతాయి. పది పదిహేను రోజులు ఏ పిట్టా రాకపోతే నిరాశపడొద్దు. ముందు నేలలో పురుగు చేరాలి.

గొడ్ల సావిడి ఉన్న ఇంటికి పేడకుప్ప ఉండేది, పేడకుప్ప ఉన్న ఇంటికి కూకుడుగువ్వ వచ్చేది. గోధుమరంగు ఒళ్లు, రెక్కల మీద నలుపు తెలుపు పట్టీలు, నెత్తిన విసనకర్రలా విప్పే తురాయి. పొడవాటి వంకర ముక్కుని మట్టిలోకి దింపి పేడపురుగు పిల్లల్ని లాగుతుంది. గట్టి నేలలో దాని ముక్కు దిగదు. అందుకే సిమెంటు పెరట్లోకి అది రాదు. పశువులు లేకపోయినా ఒక మూల నాలుగడుగుల వెడల్పున ఆకూ అలమూ పోగేసి, గంపెడు పేడ తెచ్చి కలిపి, పైన కొంచెం మట్టి చల్లి వదిలేస్తే రెండు నెలల్లో పురుగు పడుతుంది. నవంబరులో కానీ మొదలుపెడితే జనవరి చివరికి పనికొస్తుంది. పైన ప్లాస్టిక్ పట్టా కప్పితే మాత్రం అంతా వృథా.

పసుల పోలిగాడు అదే సావిడి పిట్ట. గేదె నడిస్తే ఎగిరే పురుగుని గాలిలోనే పడుతుంది. నల్లటి ఒళ్లు, చీలిన తోక. కొబ్బరి తోటల్లో ఎత్తున, బూడిద నలుపులో, ఎర్రకళ్లతో ఇంకొకటి కనిపిస్తే అది వేరే జాతి, చలికాలానికి వచ్చినది. కంటి రంగు పట్టుకుంటే పొరపాటు ఉండదు.

దడి గురించి చెప్పుకోవాలి. తాటాకు దడి, దాని వెంట గోరింట, ముళ్లగోరింట, దొండపాదు. సెప్టెంబరు చివరి నుంచి ఆ దడిలో ఎవరో రెండు గులకరాళ్లు కొట్టినట్టు టక్, టక్ మని ఆగి ఆగి వినపడేది. మనిషికి కనపడదు. పిడికిలి కంటే చిన్నది, ఆకుపచ్చా కాదు గోధుమా కాదు అనిపించే రంగు, పురుగులు ఏరుకుంటూ తీగల లోపలే తిరుగుతుంది. పక్షుల పుస్తకాల్లో దాని పేరు బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. చెప్పుకోదగ్గ రంగు లేని పిట్ట కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు గానీ, కోనసీమ దడుల్లో చలికాలమంతా వినిపించే గొంతుల్లో ఇదొకటి. దీన్ని చూడాలంటే వెతకొద్దు. దడికి ఐదారు గజాల దూరంలో ముక్కాలి పీట వేసుకుని పావుగంట కూర్చోవాలి. ఆకు కదిలిన చోట అదే ఏదో ఒక క్షణం బయటికి వస్తుంది.

దడి గుంజ చివర కూర్చునే ఇంకో వలసపిట్ట ఉంది. ఎర్రటి గోధుమ వీపు, కంటి మీదుగా నల్లటి పట్టీ, కొక్కెం ముక్కు. ఇంగ్లీషులో బ్రౌన్ శ్రైక్ అంటారు. మంగోలియా, సైబీరియా దిక్కు నుంచి వస్తుంది. రాగానే కొన్ని రోజులు కీచుగా అరిచి ఈ పెరడు నాదని చాటుకుంటుంది, ఆ తర్వాత చలికాలమంతా అదే గుంజ, అదే కొమ్మ. మిడతల్నీ చిన్న బల్లుల్నీ పడుతుంది. సంక్రాంతికి శుభ్రం చేస్తామని దడినంతా నేలమట్టం చేస్తే ఇలాంటి పిట్టలు ఆ ఏటికి పోయినట్టే. కొట్టాల్సి వస్తే సగం ఇప్పుడు, సగం ఏప్రిల్లో కొట్టండి.

కుచ్చు విషయానికి వద్దాం. దీన్ని గురించి వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు చాలా ఇళ్లలో కుచ్చు అలంకారానికి కొనుక్కొచ్చి హాల్లో కడుతున్నారు. రంగు వేసినవి, వార్నిష్ పూసినవి కూడా దొరుకుతున్నాయి. పిట్ట ముక్కు పెట్టేదానికి వార్నిష్ ఏమిటో!

కుచ్చుకి వెన్నులు సార్వా, అంటే తొలి పంట, కోతలప్పుడు తీసుకోవాలి. మిషన్ కోతలొచ్చాక వెన్ను మిగలడం లేదు, చేలోనే గింజ, గడ్డి వేరైపోతాయి. అయితే మిషన్ తిరగడానికి చేను మూలల్లో కొడవలితో కోసి జాగా ఇస్తారు కదా, ఆ మూలల్లో పనలు మిగులుతాయి. రైతుని అడిగితే కాదనడు. పూర్తిగా పండి గింజ రాలే వెన్నులు కుచ్చుకి పనికిరావు. వెన్ను అడుగున నాలుగైదు గింజలు ఇంకా పచ్చగా ఉన్నప్పుడు, కాడ వంచితే విరగకుండా వంగేటప్పుడు కొయ్యాలి. కాడ మూరెడు ఉండాలి. పూర్వపు పొడుగు వరి రకాలకి కాడ దండిగా వచ్చేది. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ పొట్టి రకం. దాని వెన్నుకాడ పొట్టిగా ఉంటుంది కాబట్టి కణుపు కింద దాకా కోసుకోవాలి, లేకపోతే జడకి పట్టు దొరకదు.

ఒక మాదిరి కుచ్చుకి నూట యాభై వెన్నులు చాలు. సుమారు అరకిలో గింజ. కాడల మీది ఆకు తొడుగులన్నీ ఒలిచెయ్యాలి. తొడుగు ఉంటే దాని కింద తేమ నిలిచి బూజు అక్కడే మొదలవుతుంది. కాడల్ని మాత్రమే, గింజ తడవకుండా, చెంబు నీళ్లలో పావుగంట నిలబెట్టాలి. ఐదేసి వెన్నులు మూడు పాయలుగా తీసుకుని జడ మొదలుపెట్టి, ప్రతి మెలికకీ ఎడమ నుంచి రెండు, కుడి నుంచి రెండు కొత్త వెన్నులు చేర్చుకుంటూ పోవాలి. గింజలు ఎప్పుడూ బయటి వైపు, కిందికి వేలాడాలి. వెన్నులన్నీ చేరేదాకా అల్లి చుట్టగా మడిచి, తడిపిన అరటి నారతోనో సన్న కొబ్బరి తాడుతోనో కట్టాలి. నైలాన్ దారం వాడకూడదు. పోగు విడితే పిట్ట కాలికి చుట్టుకుంటుంది. విడిపించుకోవాలని లాగినకొద్దీ బిగుస్తుంది, చివరికి కాలే పోతుంది.

కట్టగానే చూరుకి వేలాడదీయడం మొదటి తప్పు. పచ్చి కాడ ఆరితే సన్నబడుతుంది, ముడులు వదులై వెన్నులు జారిపోతాయి. గాలి ఆడే నీడలో నాలుగైదు రోజులు వేలాడదీసి, తర్వాత ఒక పూట ఎండ చూపించి, ముడులన్నీ మళ్లీ బిగించి అప్పుడు కట్టాలి. మొదటి రోజే ఎర్రటి ఎండలో పడేస్తే కాడ పెళుసై, పిచ్చుక వాలితేనే తెగుతుంది.

రెండో తప్పు చూరు అంచున కట్టడం. మంచు పడి రోజూ తడుస్తుంది, నాలుగు రోజులకి గింజ మీద నల్లని బూజు వస్తుంది. చూరు అంచుకి రెండడుగులు లోపల, నేలకి ఏడెనిమిది అడుగుల ఎత్తున, గోడకి ఒక చాచిన చెయ్యంత దూరంలో ఉండాలి. ముక్కవాసన వస్తే దులిపి మళ్లీ కట్టొద్దు, పేడకుప్పలో వెయ్యండి. ఎలుకలకి తాడు దారి. తాడు మధ్యలో పాత స్టీలు పళ్లెం బోర్లించి, నడిమధ్య చిల్లుపెట్టి గుచ్చితే దిగలేవు. కొబ్బరిచిప్ప వాడతారు కొందరు, చిట్టెలుకకి సరిపోతుంది గానీ పందికొక్కు దాన్ని లెక్కచెయ్యదు. ఉడుతని ఏదీ ఆపలేదు. దాని వాటా దానిది.

కుచ్చుకి వచ్చేవాటిలో పిచ్చుకల తర్వాత జీనువాయిలు. పొట్ట మీద పొలుసుల్లాంటి మచ్చలున్నవి ఎక్కువ. కాలవగట్టు రెల్లు దగ్గరుంటే నల్ల తల, తెల్ల పొట్ట, ఇటుకరంగు వీపున్నవీ వస్తాయి. గిజిగాడు చలికాలంలో గుర్తుపట్టడం కష్టం, మగదాని పసుపు పోయి ఆడపిచ్చుకలా తయారవుతుంది. ముక్కు లావు, వీపు మీద చారలు గట్టిగా ఉంటే గిజిగాడు. మగ పిచ్చుకకి కూడా ఈ కాలంలో గొంతు కింద నలుపు చిన్నదిగా కనిపిస్తుంది. కొత్త ఈకల కొనలు లేతరంగులో ఉండి నలుపుని కప్పేస్తాయి. ఆ కొనలు అరిగి, ఎండాకాలానికల్లా నలుపు నిండుగా బయటపడుతుంది. గువ్వలు కుచ్చు మీద వాలలేవు, కింద రాలినవి ఏరుకుంటాయి. కాబట్టి కుచ్చు కింద ఆరడుగుల మేర పూలకుండీలు పెట్టొద్దు, పిల్లి వాటి వెనకే కూర్చుంటుంది.

ఊడ్చిన నూకలు పళ్లెంలో వెయ్యాలనుకుంటే గిద్దెడు చాలు. గంటలో అయిపోయేంతే వెయ్యాలి. ఎక్కువ వేస్తే పావురాలు మరుగుతాయి, అవి మరిగాక పిచ్చుకకి చోటుండదు. అలా జరిగితే పళ్లెం తీసేసి పది రోజులు కుచ్చు ఒక్కటే ఉంచితే పావురాలు దారి మార్చుకుంటాయి. ఉప్పు వేసిన అన్నం, పులిహోర, మిక్చరు, బ్రెడ్డు పెట్టకండి. అన్నం పెడితే చప్పిడిది, పొద్దున్నే, మధ్యాహ్నానికి తీసెయ్యాలి. పందెం కోడికి బాదంపప్పు నానబెట్టే ఇళ్లలో కూడా పిచ్చుకలకి ముక్కిపోయిన నూకలే వేస్తారు, ఇదెక్కడి న్యాయమో.

పండ్ల కోసం వచ్చేవాటికి బొప్పాయిని మించింది లేదు. పూర్వం చెట్టు మీదే పండి కాకి పొడిచిన కాయని కొయ్యకుండా వదిలేవారు. ఇప్పుడు సగం ముక్కని జామచెట్టు పంగలో రెండంగుళాల మేకుకి గుచ్చితే పిగిలిపిట్టలు, కంసాలిపిట్ట, కోయిల వస్తాయి. చలికాలంలో కోయిల దాదాపు కూయదు, అందుకే ఊళ్లో లేదనుకుంటాం. ఒళ్లంతా తెల్ల చుక్కలున్న గోధుమరంగు పిట్ట పండు దగ్గర కనపడితే అదే ఆడకోయిల. పసుపుపచ్చ ఒళ్లున్న వంగపండు పిట్టలు రెండు రకాలు. తలంతా నల్లగా ఉన్నది ఎప్పుడూ ఉండేది, కంటి దగ్గర మాత్రమే నల్లగీత ఉన్నది ఎక్కువగా చలికాలంలో కనిపించేది. పొద్దుగూకేసరికి మిగిలిన పండు తీసెయ్యాలి. లేకపోతే రాత్రి గబ్బిలాలు, పొద్దున్నకి చీమలు.

తేనెపిట్టలకి పళ్లెంలో ఏమీ పెట్టకండి. పంచదార నీళ్లు పులుస్తాయి. మునగపూత, ముద్ద కాని ఒంటిరేకు మందారం, నూరువరహాలు, అరటిపువ్వు ఉంటే చాలు. మునగ కొమ్మలు కొట్టే పని పూత అయ్యేదాకా ఆపుకోవాలి. కడియం నర్సరీల నుంచి తెచ్చే ముద్దపూల రకాల్లో చాలావాటికి రేకులు ఎక్కువై తేనె దాకా ముక్కు అందదు, పువ్వు ఎంత పెద్దదైనా పిట్టకి దండగ. చలికాలం మొదట్లో గొంతు నుంచి పొట్ట దాకా మధ్యలో ఒక్క నల్ల గీత, మిగతా కిందంతా పసుపు ఉన్న తేనెపిట్ట కనిపిస్తే అది కొత్త జాతి కాదు. ఊదారంగు తేనెపిట్ట మగదే, ఈకలు మార్చుకుంటోంది.

తోటల నీడ బాగా చిక్కగా ఉన్న పెరళ్లలో తోక పిగిలిపిట్ట దిగేది. తెల్లటి ఒళ్లు, నల్ల తల, జానెడు రిబ్బను తోక. ఇటుకరంగులో పొట్టి తోకతో ఉన్నది ఆడది. ఈ పిట్ట మనం పెట్టే మేత కోసం రాదు, నీడ కోసం, దోమల కోసం వస్తుంది. కొబ్బరి కింద కోకో, అరటి, పసుపు ఉన్నచోట నిలుస్తుంది. ఒంటి వరసన దున్ని శుభ్రం చేసిన కొబ్బరి తోటలో వెతకడం వృథా.

అక్టోబరు, నవంబరు రాత్రుల్లో వలస దారిలో అలిసిపోయి రంగురంగుల పొన్నంకి పిట్ట పెరట్లో పడడం ఇప్పటికీ జరుగుతుంది. ఆకుపచ్చ వీపు, పొట్టి తోక, కింద ఎరుపు. దానికి నీళ్లు నోట్లో పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాలి ఆడే అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి, మూత వేసి, చీకటిగా నిశ్శబ్దంగా ఉంచి, సాయంత్రం చీకటిపడే వేళకి చెట్ల దగ్గర మూత తెరవండి. అది ప్రయాణం చేసేదే రాత్రిళ్లు.

నీళ్లకి మట్టి మూకుడే మేలు. అడుగున్నర వెడల్పు, లోతు రెండంగుళాలు దాటకూడదు, మధ్యలో ఒక పెంకుముక్క. నున్నటి స్టీలు బేసిన్లో కాలు జారుతుంది, లోతు ఎక్కువైతే పిచ్చుక దిగదు. పొదకి ఆరేడు అడుగుల దూరంలో, పైన ఒక కొమ్మ ఉండేలా పెట్టాలి. పిల్లి దూకేలోగా పిట్టకి పైకి పోయే దారి ఉండాలి. రోజూ నీళ్లు మార్చి, కొబ్బరిపీచుతో తోమాలి. వారం వదిలేస్తే దోమల పెంపకమే. చలికాలమని స్నానం మానవు. తొమ్మిది దాటి ఎండ తగిలాక గోరింకలు వరసకట్టేవి, గాబు దగ్గర వంతు కోసం పోట్లాడుకునేవి. చిన్న పిట్టలు వాటి తర్వాతే.

పిచ్చుక గూటి సంగతి. పెంకుటింటి సందులు, మండువా దూలాల చివర్లు, గోడ మీద పటాల వెనక, ఇవన్నీ డాబాతో పోయాయి. చెక్కపెట్టె కట్టొచ్చు. ముప్పావు అంగుళం మామిడి చెక్క, అడుగు ఆరు అంగుళాలకి ఆరు, ఎత్తు తొమ్మిది. ముందు పలకకి అడుగు నుంచి ఆరంగుళాల ఎత్తున 32 మిల్లీమీటర్ల రంధ్రం. అంతకు మించితే గోరింక ఆక్రమిస్తుంది. రంధ్రం కింద వాలడానికి పుల్ల పెట్టొద్దు, పిచ్చుకకి అక్కర్లేదు, కాకికి మాత్రం అది పీట. అడుగున పెన్సిలంత చిల్లులు నాలుగు, పైకప్పు ముందుకి రెండంగుళాలు, ఒక పలక తెరుచుకునేలా. లోపల రంగు వద్దు. సన్‌షేడ్ కింద ఎనిమిది పది అడుగుల ఎత్తున, తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టి, కదలకుండా బిగించాలి. పడమర అయితే మధ్యాహ్నపు ఎండకి లోపల పిల్లలు ఉడికిపోతాయి. సంక్రాంతి లోపే బిగిస్తే ఫిబ్రవరిలో జంటలు చూసుకుంటాయి. ఒకటి కాకుండా రెండు మూడు దగ్గర దగ్గరగా పెట్టండి, పిచ్చుకకి ఇరుగుపొరుగు కావాలి. పిల్లలకి మొదటి రోజుల్లో గింజ పెట్టదు, పురుగే పెడుతుంది. బెండ మీదా చిక్కుడు మీదా వారం వారం మందు కొట్టే పెరట్లో పెట్టె ఎంత బాగా చేసినా ప్రయోజనం లేదు.

సీలింగ్ ఫ్యాన్‌కి పోయిన పిచ్చుకలు లెక్కలేనన్ని. ఫ్యాన్ ఉన్న గది వెంటిలేటర్లకి జాలీ వెయ్యాలి. అద్దాల కిటికీల్లో చెట్టు ప్రతిబింబం కనిపిస్తే పిట్ట నేరుగా వచ్చి గుద్దుకుంటుంది, బయటి వైపు సున్నంతో రెండేసి అంగుళాలకి చుక్కలు పెడితే ఆగుతుంది, లోపల తెర వేసినా పూర్తిగా ఆగదు. జామకాయలకి చెట్టంతా సన్న వల కప్పొద్దు, కాయ కాయకీ గుడ్డ సంచి కట్టుకోవచ్చు. సంక్రాంతి పతంగుల నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా కొమ్మల్లో ఇంకా దొరుకుతూనే ఉంది, కనుమ మర్నాడు గెడకర్రతో తీసెయ్యాలి. ఉబ్బిపోయి, కళ్లు మూసుకుని కూర్చునే జబ్బు పిట్ట పళ్లెం దగ్గర కనపడితే మేత రెండు వారాలు ఆపి, పళ్లెం బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడిగి ఎండబెట్టండి. జాలెడేగ అలవాటుపడితే కూడా అంతే, నాలుగు రోజులు మేత ఆపితే చాలు. డేగని తిట్టుకోవద్దు, దానికీ ఆకలే.

రామచిలుకని 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. పంజరంలో పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా సంతల్లో అమ్మకం కనిపిస్తూనే ఉంటుంది. కొని వదిలేద్దామనుకోవడం కూడా వ్యాపారాన్ని పెంచేదే.

చూడ్డానికి దుర్భిణీ కొనాలనుకుంటే 8×42 తీసుకోండి, అంటే ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు ఉన్నది. పది రెట్లది చేతిలో ఎక్కువ వణుకుతుంది, పెరట్లో దగ్గరి పిట్టకి అంత అవసరమూ లేదు. రెండు గజాల దగ్గరికి కూడా స్పష్టంగా చూపించేదో కాదో కొనేముందు చూసుకోవాలి. తెల్ల బనీను వద్దు, ముదురు లుంగీ, పాత గళ్ల చొక్కా ఉత్తమం. పెరటి వసారాలో, వెలుగు వీపు వెనక ఉండేలా కూర్చోవాలి. మంచులో రంగులన్నీ బూడిదగానే కనిపిస్తాయి కాబట్టి తోక ఎలా ఊపిందో, ఎక్కడ వాలిందో ముందు గుర్తుపెట్టుకోండి, రంగు తర్వాత. గొంతు పట్టుకోవడానికి ఫోన్లో మెర్లిన్ అనే యాప్ ఉంది, కానీ పక్కింటి టీవీ మోగుతుంటే అది చెప్పిన పేరల్లా నమ్మొద్దు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల్ని లెక్కపెడతారు. మన దేశంలో 2013 నుంచి జరుగుతోంది. కనీసం పావుగంట ఒకేచోట కూర్చుని చూసినవన్నీ ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో రాస్తే సరి. పావుగంటలో అదే గోరింకల జంట ఐదుసార్లు వచ్చి వెళ్తే పది అని రాయకూడదు, ఒకేసారి కనిపించిన వాటిలో ఎక్కువ సంఖ్య ఏదో అదే రాయాలి. కరెంటు తీగ మీద వానకోవెలలు వందల్లో కూర్చుంటే ముందు పది లెక్కపెట్టి, ఆ పదీ తీగ మీద ఎంత మేర పట్టాయో చూసుకుని, మిగతా తీగంతా ఆ కొలతతో కొలవాలి. పేరు తేలని పిట్టని ఊహించి రాయొద్దు, వదిలెయ్యండి. కాకిని మాత్రం వదలొద్దు, అందరూ దాన్నే మర్చిపోతారు. ఊరకాకి వేరు, మాలకాకి వేరు, రెండూ విడివిడిగా రాయాలి.